సత్యలక్ష్మి నూగుగోడ

నర్సీపట్నంలో సత్యలక్ష్మి ఇల్లెక్కడని అడిగితే డోర్ నెంబరు చెప్పేవాళ్ళు లేరు. "బొంతలావిడా? ఆ సందులోకెళ్ళండి. దండెం మీద చీరలు బిర్రబిగుసుకుని కనిపిస్తాయి, అదే ఇల్లు" అంటారు. అంత గంజి పెడుతుంది ఆవిడ. చీరకీ గంజే, దిండు గలీబుకీ గంజే, మొగుడి ఖాకీ చొక్కా సంగతి సరేసరి. ఆ చొక్కా వేసుకుని సింహాద్రి నాతవరం షేర్ ఆటో తోలుతుంటే, పక్కన ఇరుక్కుని కూర్చున్న పాసింజరుకి మోచెయ్యి గీరుకుంటుందని స్టాండులో అందరూ ఆటపట్టిస్తారు. సత్యలక్ష్మికి మాత్రం అది బిరుదు కింద లెక్క.

ఆవిడ అసలు పని బొంతలు కుట్టడం. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన చీరలు తెచ్చిస్తారు. వాటిని చదరాలుగా కోసి, మిషను మీద ఒకదానికొకటి కలిపి, అడుగున పాత దుప్పటి వేసి, పైనుంచి చేత్తో సన్నటి కుట్లు వేసి ఇస్తుంది. పసిపిల్లని కొత్త గుడ్డ మీద పడుకోబెట్టరు కదా మనవాళ్ళు. అమ్మమ్మ చీర, నాయనమ్మ చీర, మేనత్త చీర కలిసిన బొంత మీదైతే పిల్ల నిద్దట్లో ఉలిక్కిపడదని నమ్మకం. ఉలికిపాటు మాట ఎలా ఉన్నా, పడుకోబెట్టిన పావుగంటకి ఆ బొంతని హాయిగా తడిపేస్తుంది.

బొంతకి ఒక పద్ధతుంది. తల వైపు పెద్దవాళ్ళ చీరలు ఉండాలి. కాళ్ళ వైపు పెద్దల చీర ముక్క ఒక్కటీ రాకూడదు. పెద్దల బట్ట మీద కాళ్ళు చాపితే ఇంకేమైనా ఉందా? ఇంట్లో పడని తోడికోడళ్ళుంటే వాళ్ళ ముక్కలు పక్కపక్కన ఉండకూడదు. అలాగని ఒకరిది పైనా ఇంకొకరిది కిందా పడితే అసలుకే మోసం. ఇవన్నీ కుదరాలంటే మిషను ఎక్కకముందే ముక్కలన్నీ పరుచుకుని చూసుకోవాలి. సత్యలక్ష్మి వెనకగది నేలంతా ముక్కలు పరిచి, మోకాళ్ళ మీద చుట్టూ దేకుతూ, ఇది అటూ అది ఇటూ మార్చుకునేది. ఆ వేళప్పుడు సింహాద్రి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఒకసారి ఉక్కపోస్తోందని పాపం ఫ్యాను వేశాడు. ఆ రోజు తిన్న తిట్లని ఇప్పటికీ వరసలో చెప్పగలడు.

ఆ మోకాళ్ళే పోయిన వేసవిలో మొరాయించాయి. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "నేల మీద కూర్చునేదానివైతే నా దగ్గరికి రాకమ్మా" అనేశారు. మిషను కుర్చీలో కూర్చుని కుట్టుకోవచ్చు, తొక్కే పని లేకుండా సింహాద్రి దానికో చిన్న మోటారు పెట్టించాడు. చేతి కుట్లు మంచం మీద కూర్చుని వేసుకోవచ్చు. పరుచుకుని చూసుకునే వీలే పోయింది.

ఇన్నేళ్ళ అనుభవం, కళ్ళు మూసుకుని కుట్టగలను అనుకుంది సత్యలక్ష్మి. ఎస్. రాయవరం నుంచి వచ్చిన ఒకావిడకి అలాగే కుట్టింది కూడా. అంతా అయ్యాక మంచం మీద పరిచేసరికి, నాయనమ్మ ఆకుపచ్చ చీర ముక్కలు సరిగ్గా పిల్ల మడమలు ఆనే చోట కూర్చున్నాయి. తిప్పి పరిస్తే అమ్మమ్మ చీర అక్కడికొచ్చింది. ఎటు తిప్పినా ఎవరో ఒక పెద్దావిడ కాళ్ళ కిందే. వచ్చినావిడ బొంత చేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, మడిచి సంచిలో పెట్టుకుని "వత్తానమ్మా" అని వెళ్ళిపోయింది. నాలుగు తిట్టిపోసినా బాగుండేది. సత్యలక్ష్మికి ఆ పూట అన్నం సయించలేదు.

సింహాద్రి ఆటో పెట్టి ఇంట్లోకి రాగానే చెప్పేసింది.

"ఇంకొక్క బొంత కుడతానయ్యా. అది కూడా ఇలాగే తగలడితే మిషను అమ్మేత్తాను. పెద్దోళ్ళ పరువు తీసే బొంతలు నా సేత్తో కుట్టను."

"ఓ బొంతకి ఇంత శపథమేటే?"

"శపథమే."

సింహాద్రికి భయం వేసింది. ఎందుకంటే సత్యలక్ష్మి మాటంటే మాటే. పెళ్ళయిన కొత్తలో ఎవరో వంక పెట్టారని ఇంక కాకరకాయ వండనంది. ముప్ఫయ్యేళ్ళయింది, ఆ ఇంట్లో ఇంతవరకూ కాకరకాయ తరగలేదు. పైగా పుట్టింటి నుంచే మిషనుతో వచ్చిన సత్యలక్ష్మిని, అది లేకుండా అతను ఎన్నడూ చూడలేదు. ఆ చప్పుడు వినపడకపోతే అతనికి ఇంటికొచ్చినట్టే ఉండదు.

ఆ ఇంకొక్క బొంత కొండల్లోంచి దిగింది. చింతపల్లికి అవతల ఊరి మనిషి కొండలమ్మ. సంతలో పసుపు అమ్ముకుని, ఖాళీ అయిన గోనెసంచిలోంచి ఒక మూట తీసి సత్యలక్ష్మి అరుగు మీద పెట్టింది. అందులో ఏడు చీరలున్నాయి.

"నా కూతురు బేబికి ఆడపిల్ల పుట్టిందమ్మా. మా కాడ కార్తీకం సలి ఎముకలు కొరికేత్తది. ఏడుగురం ఏడు సీరలు తీసేం. మా ముసలత్తది, నాది, మా తోడికోడళ్ళిద్దరివి, ఆడపడుసుది, వియ్యపురాలిది, బేబిది. బయట గుడ్డ ఒక్క ముక్క కలపకు. ఎవుల్నీ సిన్నబుచ్చకు" అంది కొండలమ్మ.

సత్యలక్ష్మి ఏడు చీరలూ మరోసారి లెక్కపెట్టుకుంది. ఇదివరకైతే కాళ్ళ వైపు వరసకి ఏదో ఒక పాత గళ్ళ లుంగీ వేసి గట్టెక్కేది. ఇప్పుడు బయట గుడ్డ కలపకూడదు. ఆ ఏడుగురూ పిల్లకి పెద్దవాళ్ళే. నేల మీద పరుచుకోగలిగిన రోజుల్లోనే చెమటలు పట్టించే లెక్క ఇది. అయినా కాదనలేకపోయింది. నెల రోజులు గడువు అడిగింది.

చీరలు కోయడం నాలుగు రోజుల పని. చీరకి ఏడు చదరాలు చొప్పున, ఏడు వరసలకి నలభై తొమ్మిది ముక్కలు తయారయ్యాయి. బేబి చీర పసుపుపచ్చ, వియ్యపురాలిది నీలం, కొండలమ్మది వంకాయ రంగు, ముసలత్తది వెలిసిపోయి ఏ రంగో చెప్పలేని ఎరుపు. ముక్కలు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది గానీ ఏ రెండు కలపాలో తోచలేదు. మంచం మీద పరిస్తే, తను కూర్చోగానే పరుపు కుంగి విడి ముక్కలన్నీ ఒకచోటికి జారిపోయాయి. నేల మీదకి వంగబోతే మోకాలు కలుక్కుమంది.

అలా చేతులు ముడుచుకున్న రోజుల్లోనే సందు చివరున్న అంగన్‌వాడీకి, టీచరు లోవలక్ష్మి దగ్గరికి పని మీద వెళ్ళింది. టీచరుగారు గోడకి ఒక అట్ట తగిలించి, దాని మీద కాగితపు చిలకనీ, అరటిపండునీ, ఏనుగునీ ఊరికే అద్దుతున్నారు. అవి పడిపోవడం లేదు.

"జిగురేటి రాసేరండి టీచరుగారూ?"

"జిగురు లేదు, మేకు లేదు. బొమ్మల వెనక గరుకు కాగితం అంటించాను. అట్ట మీదున్నది ఫ్లానెల్ గుడ్డ. దాని నూగు పట్టుకుంటుంది. మాకు ట్రైనింగులో నేర్పారు."

సత్యలక్ష్మి బొడ్లో దోపుకున్న మెత్తటి చీర ముక్క తీసి ఆ గుడ్డ మీద అద్దింది. గరుకు కాగితం అక్కర్లేకుండానే అతుక్కుంది. తీసి పక్కకి జరిపింది, అక్కడా నిలబడింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది, మళ్ళీ దగ్గరికెళ్ళింది.

"ఇదే గోడంత ఉంటేనండి?"

"గోడంతా ఎందుకమ్మా? పిల్లలకి అందదు."

"పిల్లలకి కాదండి, నాకు" అంది సత్యలక్ష్మి.

ఇంటికెళ్ళే దారిలో ఆవిడ నడిచిన నడక చూస్తే మోకాళ్ళ నొప్పి ఎవరిదో అనుకోవాలి. సింహాద్రికి కంచంలో అన్నం పెడుతూనే మొత్తం చెప్పేసింది. అతను పెరుగన్నం కూడా తినకుండా లేచాడు. పెళ్ళి స్టేజీలు కట్టే గంగులు అతనికి దోస్తు. వాడి గోడౌన్‌లో పని అయిపోయిన థర్మాకోల్ పలకలు నాలుగు తెచ్చి ఆటో మీద కట్టుకుని వచ్చాడు. వాటి మీద మెరుపుల కాగితంతో 'గోవింద్ వెడ్స్ సాయిలక్ష్మి' అని ఇంతింత అక్షరాలున్నాయి.

"ఈళ్ళెవరయ్యా మనింట్లో?" అంది సత్యలక్ష్మి.

"ఎవరైతే ఏటే, పెళ్ళయిపోయింది కదా. గోడ వైపు తిప్పి పెట్టేద్దాం" అన్నాడు సింహాద్రి.

అలాగే తిప్పి పెట్టారు. నాలుగు పలకల్నీ వెడల్పు టేపుతో కలిపి, వెనక పాత దోమతెర కర్రలు అడ్డంగా కట్టి, వెనకగది గోడకున్న క్యాలెండర్లు తీసేసి రెండు మేకులకి వేలాడదీయాలని లెక్క. డబ్బులు పెట్టి కొన్నది ఒక్క ఫ్లానెల్ మాత్రమే, అదీ కట్‌పీసుల కొట్లో. పసిపిల్లల చొక్కాలకి కొంటారే, ఆ తెల్లటి మెత్తటి గుడ్డ.

గుడ్డ ఇంటికొచ్చింది. మడతలు మడతలుగా, నీరసంగా వేలాడుతోంది. గోడ మీద నలుగురూ చూసే గుడ్డ అలా ఉంటే సత్యలక్ష్మి చెయ్యి ఊరుకుంటుందా? చిక్కటి గంజి కాచింది. గుడ్డ ముంచి, పిండి, ఎండలో ఆరేసి, నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసింది. పలకల మీద సాగదీసి వెనకాల గుండుసూదులు గుచ్చి గోడకి వేలాడదీసేసరికి గది గదంతా వెలిగిపోయింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడి మురిసిపోయారు. టీచరుగారిని కూడా పిలుచుకొచ్చారు.

సత్యలక్ష్మి మొదటి ముక్క తీసి దేవుణ్ణి తలుచుకుని మధ్యలో అద్దింది. అది జారి కింద పడింది. రెండోది అద్దింది, పడింది. అరచేత్తో గట్టిగా నొక్కింది. చెయ్యి తీయగానే అదీ తాపీగా జారిపోయింది.

"ఫ్యాను గాలేమో" అన్నాడు సింహాద్రి. ఫ్యాను ఆపే ఉంది. "గోడ సెమ్మేమో" అన్నాడు. మధ్యలో అంత థర్మాకోల్ ఉండగా చెమ్మెక్కడిది? "వెనకాల ఆ పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ పడట్లేదేమోనే" అనేసరికి సత్యలక్ష్మి చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు. లోవలక్ష్మి టీచరు పరుగున వెళ్ళి తన చిలకని పట్టుకొచ్చి అద్దారు. గరుకు కాగితం ఉన్న చిలక కూడా ముక్కు కిందకి పెట్టి నేల మీదకి దిగింది. "మా బోర్డు ఇన్నేళ్ళుగా పట్టుకుంటోందే, ఇదేం విడ్డూరం" అని టీచరుగారు నొచ్చుకున్నారు.

రెండు రోజులు సత్యలక్ష్మి ఆ గదిలోకి వెళ్ళలేదు. మిషను మీద గుడ్డ కప్పేసింది. సింహాద్రి ఏదడిగినా ఊ అనడం, ఆ అనడం. నేల మీద పరుచుకోలేదు, గోడ మీద నిలబెట్టుకోలేదు, ఇంక శపథం చెల్లించుకోవడమే మిగిలిందని లోపల ఏడుపొస్తోంది. మూడో రోజు, గుడ్డయినా దేనికో ఒకదానికి పనికొస్తుందని విప్పడానికి వెళ్ళింది.

పైన ఎడమ మూల సూది పీకుతూ, చేతిలో ఉన్న పసుపు ముక్కని అడ్డమొస్తోందని పక్కకి ఆనించింది. సూది తీసి చూస్తే ముక్క అక్కడే ఉంది. ఆవిడ చెయ్యి మాత్రం దాని మీద లేదు. ఊదింది. కదల్లేదు. వేలితో ఆ మూల తడిమితే మెత్తగా, పసిపిల్ల తలలా నూగునూగుగా తగిలింది. జానెడు ఇవతల తడిమితే బల్లచెక్క. ఆ మూలే ఎందుకు మెత్తగా ఉంది? గుడ్డని గంజిలో ముంచేటప్పుడు జారిపోకుండా గుప్పెట్లో పట్టుకున్న మూల అది. అక్కడికి గంజి చేరలేదు.

సత్యలక్ష్మి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. ఆ నవ్వుకి ఏమైందోనని సింహాద్రి పరుగెత్తుకొచ్చాడు, సందులో పోతున్న టీచరుగారూ వచ్చారు.

"అమ్మా తల్లీ, ఫ్లానెల్‌కి గంజి పెట్టావా?" అన్నారు లోవలక్ష్మి నెత్తిన చెయ్యి పెట్టుకుని.

"మరి గుడ్డన్నాక గంజెట్టరేటండి!" అంది సత్యలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ.

గోరువెచ్చటి నీళ్ళలో నాలుగుసార్లు జాడిస్తే గానీ గంజి వదల్లేదు. ఆరాక దువ్వెనతో దువ్వితే అణిగిపోయిన నూగు మళ్ళీ లేచింది. తన చేత్తో పెట్టిన గంజిని తన చేత్తోనే వదలగొట్టడం సత్యలక్ష్మి జీవితంలో అదే మొదటిసారి. ఈసారి గుడ్డ పలకల మీద కాస్త ముడతలతోనే ఎక్కింది. ముక్కలు అద్దింది. నలభై తొమ్మిదీ నిలబడ్డాయి.

ఆవిడ వెనక్కి నడిచింది. వీపు తలుపుకి తగిలేదాకా నడిచి నిలబడింది. ఇరవయ్యారేళ్ళుగా తన బొంతల్ని వంగి, మూరెడు దూరం నుంచి, ఒక్కో మూల ఒక్కోసారి చూసుకుంది తప్ప, నిటారుగా నిలబడి మొత్తం ఒకేసారి ఎప్పుడూ చూడలేదు. ఇంత అందంగా ఉంటాయా నేను కుట్టినవి అనుకుంది. పైకి అనేసింది కూడా. సింహాద్రి "నాకెప్పుడో తెల్సు" అన్నాడు.

అక్కడి నుంచి వారం రోజులు గోడతోనే కాపురం. కూర కలుపుతూ వచ్చి ఒక ముక్క మార్చేది, టీ గ్లాసుతో వచ్చి ఇంకోటి మార్చేది. తోడికోడళ్ళిద్దరికీ ఒకే ఎత్తులో ఆ అంచునా ఈ అంచునా చోటిచ్చింది. ముసలత్త ఎరుపు తల వైపు హుందాగా కుదిరింది. బేబి పసుపు ముక్కలు ఏడూ నడిమధ్యన గుత్తిగా పెట్టింది. గదిలోకి ఎవరొచ్చినా ముందు వాటినే చూస్తున్నారు. అన్నీ బాగానే ఉన్నాయి, కింది వరస ఒక్కటే తెగలేదు. ఎవర్ని పెట్టినా తప్పే. చివరికి వియ్యపురాలి నీలం పెట్టింది. ఆవిడది దూరపు ఊరు, అంతగా పట్టించుకోదులే అనుకుంది. అనుకున్న వెంటనే సిగ్గేసింది. చూడని మనిషైతే కాళ్ళ కింద పెట్టేస్తానా అని తన్ను తానే తిట్టుకుంది.

అప్పుడు ఎన్నడూ చేయని పని చేసింది. కుట్టకముందే వచ్చి చూడమని కొండలమ్మకి ఫోన్ చేసింది. నేల మీద పరిచే రోజుల్లో అది కుదిరేది కాదు, ముక్కలు తొక్కకుండా ఇంకో మనిషి నిలబడే చోటేదీ?

చింతపల్లి బస్సు దిగి కొండలమ్మ వచ్చింది, వెంట పిల్లనెత్తుకుని బేబి కూడా వచ్చింది. గదిలోకి అడుగుపెట్టగానే బేబి పిల్లని గోడ వైపు తిప్పి చూపించింది. తర్వాత కొండలమ్మ గోడ దగ్గరికెళ్ళి ఒక్కో చీరనీ వేలితో ముట్టుకుని పేరు పెట్టి పలకరించింది. కింది వరస దగ్గరికొచ్చేసరికి మొహం మారింది.

"ఓలమ్మా! వియ్యపురాల్ని కాళ్ళ కాడెట్టేవా! నా కూతురు ఆ గుమ్మం తొక్కొద్దా? తీసీ, బేగి తీసీ. నాది ఎట్టీ."

సత్యలక్ష్మి నీలం తీసి వంకాయ రంగు పెట్టబోయింది. "అమ్మమ్మని తన్నుతదేటి? నేనొప్పుకోను" అంది బేబి. పోనీ ఆడపడుచుదంటే, బేబి పెళ్ళికి ఆవిడ పెట్టిన హారం గుర్తొచ్చి కొండలమ్మే వద్దంది. తోడికోడళ్ళలో ఒకరిది పెడితే ఆవిడొక్కదానితోనే కాదు, ఊరందరితో తగువు. ఒక్కో రంగూ కిందకి దిగడం, మళ్ళీ పైకెక్కడం. సత్యలక్ష్మి చేతిలోని ముక్కలు కుర్చీ మీద పెట్టేసింది. ఇంక నా వల్ల కాదమ్మా, ఇంకెవరిచేతనైనా కుట్టించుకోండి అని చెప్పేద్దామని నోరు తెరిచింది.

"పిల్లని పట్టుకోండమ్మా" అంది బేబి.

పిల్లని సత్యలక్ష్మి చేతుల్లో పెట్టి, గోడ దగ్గరికెళ్ళి, నడిమధ్యనున్న తన పసుపు ముక్కల్ని ఒక్కొక్కటే తీసింది. ఒంగి కింది వరసలో ఈ చివర నుంచి ఆ చివరికి అద్దింది. ఏడూ సరిగ్గా సరిపోయాయి.

"నన్ను కిందెట్టండి. పుట్టకముందు నాలుగు నెల్లు రేత్రీ పగలూ నన్నే తన్నింది. ఇప్పుడూ తన్నుతోంది. తల్లిని తన్నితే పాపమేటి?" అంది.

ఆ మాటకి సమాధానంగా కాబోలు, పిల్ల సత్యలక్ష్మి డొక్కలో ఒక్క తాపు తన్నింది. ముగ్గురాడవాళ్ళూ ఒకేసారి నవ్వారు. నవ్వుతూనే కొండలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, "నువ్వూ ఇలాగే తన్నేదానివే బేబీ" అంది. ఖాళీ అయిన నడిమధ్యకి ఆవిడ వంకాయ రంగుని బేబే ఎక్కించింది. వంకాయ రంగు ఖాళీ చేసిన చోట వియ్యపురాలి నీలాన్ని కొండలమ్మ తన చేత్తో అద్దింది.

సత్యలక్ష్మి పిల్లని భుజాన వేసుకుని, వీపు తలుపుకి తగిలేదాకా వెనక్కి నడిచి చూసింది. ఎక్కడా ఎవరూ చిన్నబోలేదు. మనసు నిండిపోయింది ఆవిడకి. గుమ్మంలో సింహాద్రి నిలబడి ఉన్నాడు.

"మిషను అమ్మనయ్యా" అంది.

"సరే" అన్నాడు సింహాద్రి. మిషను దగ్గరికి కుర్చీ లాగి పెట్టాడు.

పిల్లని తల్లికిచ్చి, సత్యలక్ష్మి మిషను మీద గుడ్డ తీసి కుర్చీలో కూర్చుంది. బొంత ఎప్పుడూ తల వైపు పెద్దల వరస నుంచి మొదలుపెట్టడం ఆవిడకి అలవాటు. ఆ రోజు మాత్రం తల్లి వరస నుంచి మొదలుపెడతానని, గోడ మీది పసుపు ముక్కలు ఒక్కొక్కటే తీసి అందించమని బేబిని అడిగింది.